నిలిచిన ఇంజనుకూ ఖర్చుంది

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, అక్కడి ఒక చిన్న ఫ్లయింగ్ స్కూల్లో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. విమానం గాల్లోకి లేవాలంటే నా సంతకం పడాలి. నా కింద ఒకే టెక్నీషియన్, నందికొట్కూరు యేసురత్నం. మా ఇద్దరికీ ఒకే శిక్షణ విమానం.

అనుమతుల చిక్కులో స్కూలు కొన్నాళ్లు మూతబడింది. నేను ఊరెళ్లిపోతే విమానాన్ని యేసురత్నమే చూసుకున్నాడు. మళ్లీ తెరిచినప్పుడు యజమానురాలు, కమలాపురం రైతుబిడ్డ సుభద్రమ్మగారు, నన్నో లెక్క తేల్చమన్నారు. పాత పెట్రోలు ఇంజనునే నడుపుకుంటూ గడువుకు మొత్తం విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ చేయించడమా, లేక విమానాన్ని అమ్మేసి, విమాన కిరోసిన్‌తో నడిచే డీజిల్ ఇంజను విమానం తేవడమా? డీజిల్ వస్తే అమ్మినవాళ్లే తమ టెక్నీషియన్ను పెడతారు. యేసురత్నం ఇంటికి పోవాల్సిందే. ఆ సంగతి అతనికీ తెలుసు.

గంటకయ్యే ఇంధనం చూస్తే డీజిల్ చవక. కానీ గడువు తీరితే ఆ ఇంజన్ను విప్పి బాగుచేయరు, మొత్తంగా మార్చేస్తారు. పెట్రోలు ఇంజను తాగుబోతే, అయినా కొత్త భాగాలేసి మళ్లీ బతికించవచ్చు. మా దానికి ఓవర్‌హాల్ గడువు ఇంకా చాలా ఉంది. పాతదే గెలుస్తుందని లోలోపల సంతోషించాను.

తీరా ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో ఇనుప రజను. సిలిండర్ విప్పితే లోపల వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్ట్ నిండా తుప్పు. నాకు ఒళ్లు మండింది. "ఏం చేసినావప్పా దీన్ని?" అన్నాను.

"స్కూలు మూసినన్నాళ్లు రోజూ రోంతసేపు తిప్పుతాంటి సార్. మా బోరు మోటరును అట్లే సూసుకుంటాం. తిప్పకుంటే బిగుసుకుపోతాదని."

పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఆయిల్ బాగా కాగితేనే అది పోతుంది. కాసేపు తిప్పి ఆపేస్తే ఆ చెమ్మంతా లోపలే నిలుస్తుంది. బిడ్డను సాకినట్టు సాకి జబ్బు చేయించాడు. ఈ మాట చెప్పాక అతని మొహం చూడలేకపోయాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఓవర్‌హాల్ ముందే చేయించాల్సి రావడంతో రెండు లెక్కలూ దగ్గరకొచ్చాయి. కారణమేమిటని సుభద్రమ్మగారు అడిగితే, నేను నోరు తెరిచేలోపే యేసురత్నం అందుకున్నాడు. "నేనే అమ్మా. తెలీక చేసినా."

ఆమె "మా నాయన కూడా బోరును అట్లే తిప్పుతాండె," అని నా వైపు తిరిగి, "మన స్కూలుకు ఏది గిట్టుబాటయితాది సార్?" అన్నారు. డీజిల్ ఎక్కువ గంటలు ఎగిరేవాళ్లకే గిట్టుతుందని, మనం ఎగిరే కొద్ది గంటలకు పాతదే మేలని చెప్పాను. అది నిజం కాబట్టి ధైర్యంగానే చెప్పాను.

ఇంజను బాగై వచ్చాక స్కూలుకు సెలవులు పడ్డాయి. ఇద్దరం కలిసి తుప్పు పట్టనివ్వని ఆయిల్ పోసి, తేమ పీల్చే ప్లగ్గులు బిగించి, గాలి దారులన్నీ మూశాం. సెలవుల్లో ఒక పొద్దున ఏదో పనిమీద వెళితే, హ్యాంగర్లో విమానం పక్కన స్టూలేసుకుని యేసురత్నం కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"తిప్పలేదు సార్. ఊరికే సూసిపోదామని వచ్చినా."

"కూర్చోప్పా," అని నేనూ ఒక స్టూలు లాక్కున్నాను.

ఆ తర్వాత నేను వేసిన ప్రతి ఖర్చుల పట్టికలో ఇంధనం, ఓవర్‌హాల్ పక్కన విమానం నిలిచి ఉండే కాలానికీ ఒక గడి పెట్టాను. ఇంజను చేత పూర్తిగా పనిచేయించాలి, లేదా పూర్తిగా పడుకోబెట్టి పక్కన కూర్చోవాలి.