కుడి పేజీ కట్లెట్

ఆ రోజుల్లో మా దేవరకొండ వైపు ఒక మనిషి చదువుకున్నాడంటే ఉర్దూ చదువుకున్నాడనే అర్థం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తిట్టుకునేది తెలుగు, గొర్రెల్ని అదిలించేది కూడా తెలుగే. బడి గడప దాటితే మాత్రం అలీఫ్, బే. నేను ఉర్దూ మిడిల్ పాసైన నాటికి మా కురుమోళ్ల వాడ మొత్తం మీద కాగితం చూసి చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని అందరూ నన్ను ‘మున్షీ’ అనేవారు. ఆ పిలుపు చెవులారా విని ఆనందించే లోపలే పోలీస్ యాక్షన్ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. రాజ్యం పోయినందుకు నాకు రవ్వంత విచారం లేదు గానీ, ‘ఇకమీదట సర్కారు కచేరీల్లో అంతా ఇంగ్లీషే’ అని ఎవరో చెప్పగానే గుండె జారిపోయింది. పంతొమ్మిదేళ్ల వయసులో నేను రాత్రికి రాత్రి మళ్లీ నిరక్షరాస్యుణ్ని అయిపోయాను.

సరిగ్గా అప్పుడే మా ఊరి బయట కాలువల సర్వే క్యాంపు వేశారు. గుడారాలు, దుర్భిణీలు, ఎర్రజెండా కర్రలు. వాటి మధ్య రెండు గదుల పెంకుటిల్లు, అందులో ఇంజనీరు సారు, ఆయన భార్య. ఆమెను అందరం అమ్మగారు అనేవాళ్లం. కృష్ణ అవతలి వాళ్లు, మద్రాసులో చదువుకున్నావిడ. వాళ్ల వంటవాడికి మా ఎండలు పడలేదు, చెప్పకుండా వెళ్లిపోయాడు. వంటవాడు కావాలని తెలిసి, నేను ఆ ఇంటి ముందు నిలబడ్డాను. ‘వంట వచ్చా?’ అన్నారామె. ‘ఇంగ్లీషు నేర్పుతరా?’ అన్నాను నేను. (ఆ తెగువ ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.) ఆమె ఒక్క క్షణం చూసి, నవ్వి, లోపలికి రమ్మన్నారు.

కష్టమంతా మా బాపుతో వచ్చింది. ఆయన కోపానికి కారణం ఉంది. ఎనకట మా ఊరి దొర గడిలో దావత్ అయితే పొట్టేలును తోలుకుపోవడమే కాదు, కోసి వండిపెట్టడం కూడా మా బాపు వెట్టే. ఒకసారి కూర అడుగంటిందని దొర ఆయన్ని ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించాడు. అప్పుడు నేను ఆయన మొలతాడు పట్టుకుని పక్కనే ఉన్నాను. తర్వాత వెట్టి వద్దనే సంఘం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు, గడి తలుపులకు చెదలు పట్టింది. ‘ఇగ మనింట్ల ఎవ్వడు ఇంకొకని పొయ్యికాడ నిలవడు’ అని మా బాపు ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. నేను వెళ్లి నిలిచింది సరిగ్గా అక్కడే.

‘బాపు, గది వెట్టి కాదే. నెలకు జీతం. బుక్కు సూసి వండుడు. సదువు అది’ అన్నాను.

‘పొయ్యి ముంగట సదువేందిర? కూర మాడితె బండ వెట్టెటోనికి బుక్కుంటె ఏంది, లేకుంటె ఏంది?’ అన్నాడు. చివరికి మా అమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని ఒక ఒప్పందం కుదిర్చింది. పెద్ద దావత్ అయ్యే రోజు బాపు స్వయంగా వచ్చి కళ్లారా చూస్తాడు. నా మీద ఎవరైనా చెయ్యెత్తినా, నోరు పారేసుకున్నా, ఆ నిమిషమే నేను గిన్నె దించి మందలోకి వచ్చేయాలి.

ఇక నా చదువు మొదలైంది. అమ్మగారు సుద్దముక్కతో వంటింటి తలుపు మీద రోజుకో మాట రాసేవారు. నేను ఆ మాటకు తగిన పని చేసి చూపించాలి. పీల్ అని రాస్తే ఆలుగడ్డ తోలు తీయాలి. బాయిల్ అంటే ఉడకబెట్టాలి, మాష్ అంటే మెదపాలి. చాప్, డిప్, ఫ్రై, స్టిర్. స్టిర్ అని రాసిన రోజు ఆమెకు పనిపడి పక్క గుడారానికి వెళ్లారు. ఆమె వచ్చేదాకా నేను ఖాళీ గిన్నెలో గంటె తిప్పుతూనే ఉన్నాను. క్యాంపులో జెండాలు పట్టేవాళ్లు నన్ను చూసి, ‘మున్షీ, ఇయ్యాల ఎన్ని మాటలు మింగినవ్?’ అని నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. రెండు నెలల్లో నాకు నలభై మాటలు వచ్చాయి. అమ్మగారి దగ్గరున్న లావుపాటి ఇంగ్లీషు వంటల పుస్తకంలో ఆవిడ వేలు పెట్టిన పేజీని పై నుంచి కింది దాకా చదివి, కస్టర్డు కాచాను, సూపు దించాను. పొయ్యిమీద గిన్నె పెట్టినప్పుడల్లా నేను ఏదో పరీక్ష పాసవుతున్నట్టే ఉండేది.

ఒకరోజు హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు సారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అమ్మగారు పుస్తకం తెరిచి, రెండు పేజీలూ పరిచిపెట్టి, ‘కట్లెట్లు. ఇవాళ నేను వంటింట్లోకి రాను అబ్బాయ్. సామాన్లన్నీ బల్ల మీద ఉన్నాయి. నువ్వే చదువుకుని నువ్వే చెయ్యి. నాకు నమ్మకముంది’ అన్నారు. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, కండువా మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. అంతకు ముందు చేసినవన్నీ ఒక్క పేజీలో ఒదిగిపోయిన వంటలు. ఇది మాత్రం రెండు పేజీల వంట. ఆ తేడా ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఉర్దూ పుస్తకం కుడి చేతి వైపు మొదలవుతుంది. ఎనిమిదేళ్లు అలాగే చదివాను. కాబట్టి బుద్ధిగా కుడి పేజీతో మొదలుపెట్టాను. వంట పేరు ఎడమ పేజీ నెత్తి మీద పెద్ద అక్షరాల్లో ఉంది. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు. పిల్ల పుట్టాక కదా పేరు పెడతారు, వంటకు కూడా వండాకే పెడతారు కాబోలు అనుకున్నాను. కుడి పేజీ చెప్పినట్టు, ఒక్కొక్కటి తీసి కోడిగుడ్డు సొనలో ముంచాను. ఏం ముంచాలో పుస్తకం చెప్పలేదు, బల్ల మీద ఆలుగడ్డలు కనిపించాయి. తోలుతో సహా ముంచి, డబుల్ రొట్టె పొడిలో దొర్లించి, నూనెలో వేయించాను. వేడిగా వడ్డించమంది. వడ్డించే పళ్లెంలో పెట్టి, ఒక నిమిషం వాటికి మర్యాద చేసి, మళ్లీ తీశాను. అప్పుడు ఎడమ పేజీకి వచ్చాను. ఉడకబెట్టమంది, ఉడకబెట్టాను. పీల్ అంది. తోలుతో పాటు కష్టపడి వేయించిన పొరంతా ఊడి వచ్చింది. పారేయడానికి మనసొప్పలేదు, పొరంతా ఏరి పక్కన పెట్టాను. మాష్ అంది, మెదిపాను. ఖీమా వండి కలపమంది, పొరతో సహా కలిపాను. గుండ్రంగా ఒత్తమంది, ఒత్తాను. పేజీ అయిపోయింది. వంట కూడా అయిపోయింది.

పళ్లెం పట్టుకుని వరండాలోకి వస్తుంటే గుంజ పక్కన మా బాపు కనిపించాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. నా వైపు కాదు, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చేతుల వైపు చూస్తున్నాడు.

పెద్ద సారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగారు. రెండోది పెట్టుకున్నారు. మా ఇంజనీరు సారు పళ్లెం వైపు చూసి, అమ్మగారి వైపు చూశారు. అమ్మగారి ముఖం కందగడ్డ అయింది. ‘ఏమయ్యా, ఏమిటిది?’ అన్నారు నాతో లోగొంతుకతో. మా బాపు కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నేను భయపడింది పని పోతుందని కాదు. ఆ ఒక్క నిమిషంలో మా బాపు మాటే నిజమైపోతుందేమోనని భయపడ్డాను. లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చాను. ‘బుక్కుల ఉన్నట్టే చేసిన అమ్మగారు. ముందుగాల గీ పేజీ, తర్వాత గా పేజీ’ అని కుడి నుంచి ఎడమకు వేలు జరిపి చూపించాను.

అమ్మగారికి అర్థం కాలేదు. పెద్ద సారు మాత్రం చెంచా కింద పెట్టేశారు. ‘ఏ మీడియం సదివినవ్ బిడ్డా?’ అన్నారు.

‘ఉర్దూ మిడిల్ సార్.’

ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ‘అమ్మా, తప్పు పోరనిది కాదు. మేమంతా గట్ల సదివినోళ్లమే. కాలేజీల నా మొదటి ఇంగ్లీషు లెక్కల బుక్కు నేను జవాబుల కాడికెల్లి మొదలువెట్టిన’ అన్నారు. అమ్మగారు ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, తర్వాత అదీ వదిలేసి నవ్వారు. ఆపైన పెద్ద సారు నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోమని, పుస్తకం తెరిచి, ‘సదువు, విందాం’ అన్నారు. నేను ఎడమ పేజీ మొత్తం చదివాను. ఆఫీసర్ల ముందు, కూర్చుని, ఇంగ్లీషులో. తలెత్తి చూసేసరికి గుంజ దగ్గర మా బాపు లేడు.

సాయంత్రం భయం భయంగా ఇంటికి వెళ్లాను. వాడకట్టు అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టుకుని మా బాపు చెప్తున్నాడు. ‘ఇంగ్లీసు అందరు ముంగటికెల్లి సదువుతరు. మావోడు ఎన్కకెల్లి సుత సదువుతడు. హైద్రబాద్ సారు సుత మెచ్చుకుండు. కుర్సేసి కూసోబెట్టిండు మావోన్ని!’ (స్టూలు మా బాపు నోట్లో పడగానే కుర్చీ అయిపోయింది. నేను దిద్దలేదు.) జనం చెదిరిపోయాక నా దగ్గరికొచ్చి, నా వీపు మీద చెయ్యి పెట్టి అలాగే కాసేపు ఉంచాడు. దొర బండ పెట్టించింది ఆయన వీపున సరిగ్గా ఆ చోటే. ‘పో కొడుకా, రేపు సుత పో’ అన్నాడు.

ఆ తర్వాత అమ్మగారు ఎర్ర పెన్సిలుతో పుస్తకంలో ప్రతి పేజీ మూలా అంకెలు వేసి ఇచ్చారు. ఆ వంటల పుస్తకం నుంచి నేను మెట్రిక్ దాకా పోయాను, ఆపైన అదే కాలువల శాఖలో గుమాస్తాగా చేరి పెన్షన్ తీసుకున్నాను. నా మనవరాలు ఇప్పుడు కట్లెట్లు ఫోనులో చూసి, ముందూ వెనకా తప్పకుండా బ్రహ్మాండంగా చేస్తుంది. అయినా ఏడాదికొకసారి, మా బాపు పోయిన రోజున, మా ఇంట్లో కుడి పేజీ నుంచే మొదలుపెడతాం. ఉడికిన ఆలుగడ్డ నుంచి ఆ వేయించిన పొర ఊడదీస్తుంటే, పళ్లెం పట్టుకుని ఛాతీ విరుచుకుని వరండాలోకి నడిచిన ఆ పంతొమ్మిదేళ్ల మున్షీ గుర్తొస్తాడు. ఒక్క మాట కూడా తప్పు చదవలేదు పాపం వాడు.