ఏసీకి కట్టిన వాసెన

ఆవకాయ జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేవాళ్ళను అందరూ చూసే ఉంటారు. ఏసీకి వాసెన కట్టినవాణ్ణి మాత్రం నేను ఒక్కణ్ణే చూశాను, అదీ అద్దంలో.

తొంభైల మొదట్లో తెనాలిలో ఒక ఆఫీసు కంప్యూటర్ గదికి నేను ఆపరేటర్ని. బీరువా అంత కంప్యూటర్, మంచమంత ప్రింటర్, వాటి సేవకు కిటికీల్లో రెండు ఏసీలు. చుట్టుపక్కల ఊళ్ళ కరెంటు బిల్లులన్నీ అక్కడే పుట్టేవి. పెద్దవాళ్ళు మనుషుల్ని "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తారు. నాకు జీతమిచ్చి ఆ దీవెన ఒక బీరువాకి ఇప్పించేవారు.

అప్పుడు మా ఆవిడ కడుపుతో ఉంది. "దానికి రెండు ఏసీలు, నాకు తాటాకు విసనకర్ర. నెలలు నిండింది నాకా, దానికా?" అనేది. పురిటికి తీసుకెళ్ళడానికి రేపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు, కడుపు చలవ అంటూ కూతురి ఒడిలో చలిమిడి పెట్టి, "మీ మిషన్‌కీ కాస్త పెట్టమంటారా అల్లుడుగారూ?" అని అడిగారు. నిజంగా అడిగారో, ఎత్తిపొడిచారో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళు రేపల్లె వెళ్ళాక ఇల్లూ నేనూ బోసిపోయాం. ఆ రోజుల్లోనే ఆఫీసు ముందు రోడ్డు తవ్వడంతో ఏసీ జాలీల నిండా దుమ్ము పట్టేది. మా ఆవిడ వదిలి వెళ్ళిన పాత వాయిల్ చీర చింపి, రెండు జాలీలకూ బిగించి కట్టాను. వారానికోసారి ఉతకాలని నాకూ తెలుసు. కానీ ఆ చిలకపచ్చ చీర ఎదురుగా ఉంటే ఆవిడ గదిలో ఉన్నట్టే ఉండేది. ఉతకబుద్ధి కాలేదు.

ఆడపిల్ల పుట్టింది. రోహిణి కార్తెలో బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, బంగారపు ఉంగరంతో బిడ్డ పేరు రాయాల్సింది తండ్రి. "ఇంకేం తేవద్దండి. ఆ పూటకి మీరుంటే చాలు," అంది మా ఆవిడ.

బిల్లులు అచ్చయితేనే సెలవన్నారు మేనేజరుగారు. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషి. మధ్యాహ్నమయ్యేసరికి చంకలో ఒక ఫైలుతో మా గదిలోకి వచ్చేవారు. ఆ ఫైలు ఎప్పుడూ విప్పేవారు కాదు, చొక్కా పై బొత్తాం విప్పేవారు.

బారసాల ముందురోజు పొద్దుటి నుంచే గది వేడెక్కింది. ఏసీల మరలు చివరికంటా తిప్పాను. తిప్పినకొద్దీ ఉక్క పెరిగింది. మధ్యాహ్నానికి కంప్యూటర్ తనంతట తనే ఆగిపోయింది.

"ఏంటయ్యా, వడదెబ్బా?" అన్నారు మేనేజరుగారు.

"అలాగే ఉందండి."

"మా ఇంట్లో వట్టివేళ్ళ తడకలున్నాయి. తడిపి కిటికీలకి కడితే మనుషులే లేచి కూర్చుంటారు, నీ మిషనెంత!"

కబురు పెట్టి బాపట్ల నుంచి తడకలు తెప్పించారు. ఇద్దరం చెంబులతో నీళ్ళు చల్లాం. గదంతా పెళ్ళిపందిరిలా ఘుమఘుమలాడింది. కంప్యూటర్ లేచింది కూడా. కానీ ఆ తేమకి కాగితం ఉబ్బి, ప్రింటర్లో ముడుచుకుని అతుక్కుపోయింది. గాలి చాలలేదని నీళ్ళు తెస్తే, నీళ్ళు బిల్లుల్ని పెసరట్లు చేశాయి. ఇంకాసేపటికి కంప్యూటరూ మళ్ళీ పడుకుంది.

మర్నాడు పొద్దున్న, అక్కడ ముహూర్తం దగ్గరపడుతుంటే, ఇక్కడ నేను ఏసీ మీద చెయ్యి పెట్టాను. గుడ్డ అట్టలా బిగుసుకుపోయి ఉంది. విప్పి చూస్తే లోపలి గొట్టాల మీద తెల్లగా ఐసు. అది గాలి పీల్చుకునే నోటినే నేను మూసేశాను. గదికి రావలసిన చల్లదనమంతా లోపలే గడ్డకట్టింది.

మేనేజరుగారు వంగి చూశారు. "వాసెన కట్టావేంటయ్యా! ఇంకో నెల ఆగితే ఊరేది."

ఏసీలు ఆపి, కింద బకెట్లు పెట్టి, ఐసు కరిగేదాకా కూర్చున్నాం. గుడ్డల్లేకుండా మళ్ళీ వేశాక గది చల్లబడి, ప్రింటర్ మొదటి బిల్లు కొట్టేసరికి ముహూర్తం దాటిపోయింది. నా మొహం చూసి ఆయన చొక్కా బొత్తాం పెట్టుకున్నారు. "నువ్వెళ్ళు. కాగితం నేను చూసుకుంటాలే."

రేపల్లెలో రైలు దిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. చుట్టాలు భోంచేసి వెళ్ళిపోయారు. ఉయ్యాలకి కట్టిన పూలు వాడిపోయాయి. గుమ్మంలో మామగారు, "మిషన్‌కి బారసాల బాగా జరిగిందా అల్లుడుగారూ?" అన్నారు.

లోపల మా ఆవిడ పక్కన, గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. గుడ్డ తీసింది. బియ్యం చదునుగా, ఏ గీతా లేకుండా ఉన్నాయి.

"తాతగారి చేత రాయించమన్నారు పంతులుగారు. రాస్తే వాళ్ళ నాన్నే రాయాలన్నాను."

"కోపంగా ఉందా?"

"ఉంది. ముందు రాయండి."

రాశాను. చివరి అక్షరం కొంచెం వంకరపోయింది. పాప నిద్రపోతూనే ఉంది. తర్వాత జరిగిందంతా చెబితే మా ఆవిడ ఓపిగ్గా విని, చివర్లో ఉలిక్కిపడింది. "చిలకపచ్చదా! నా వాయిల్ చీరా!" ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బారసాలకి రానందుకు కాదు.

కొన్నేళ్ళకి బల్ల మీద పట్టే కంప్యూటర్లు వచ్చాయి. మా బీరువాని పాత ఇనుముకి వేస్తుంటే, మేనేజరుగారిని అడిగి దాని పొట్టలో ఫ్యాను ఒకటి విప్పుకుని ఇంటికి తెచ్చుకున్నాను. చెక్కకి బిగించి, మా అమ్మాయి ఎక్కాలు రాసుకునే బల్ల మీద పెట్టాను. ఆ బీరువా చల్లబడేదాకా మా అమ్మాయి ఒక పూటంతా పేరు లేకుండా ఎదురుచూసింది. ఇక వేసవంతా దాని ఫ్యాను మా అమ్మాయికి విసిరింది.

దుమ్ము పట్టినప్పుడల్లా నేనే విప్పి తుడిచేవాణ్ణి. గుడ్డ మాత్రం కట్టలేదు.