చేయని లెక్కకు మార్కులు

గౌస్ బాషా మాస్టారికి వింటే ఒళ్ళు మండే మాట ఒకటుంది: ర్యాంకు. మార్టూరు బస్టాండులో ఎవరైనా ఎదురుపడి, "మా వాడికి ఫస్టు ర్యాంకు మాస్టారూ" అన్నారంటే, "సంతోషం. ఇంతకీ వాడికేం వచ్చో చెప్పు" అనేవాడు. పాపం ఆ తండ్రి బిక్కమొహం వేసేవాడు. ఇట్లాంటి మాటల వల్లే ఊళ్ళో ఆయనకు తిక్క మాస్టారని పేరు పడింది. పడితే పడింది, పోయేదేముంది!

ఆ తిక్కకు కారణం లేకపోలేదు. తండ్రి బుడాన్ అద్దంకి వీధుల్లో దూది ఏకి, పరుపులు కుట్టి, కొడుకును బీయెస్సీ, బీఎడ్ దాకా లాక్కొచ్చాడు. కొడుకు తొంభై ఎనిమిది డీఎస్సీ రాసి, అర మార్కు తేడాతో పోగొట్టుకున్నాడు. అర మార్కంటే ఎంతండీ? దిద్దేవాడికి ఆ పూట కాఫీ చల్లారిపోయి ఉంటే తగ్గిపోయేంత. ఆ అర మార్కుకు అవతల ఉన్నవాడు గవర్నమెంటు మాస్టారయ్యాడు. ఇవతల పడ్డ గౌస్ బాషా చెంచురామయ్య గారి ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారుగా చేరాడు. "పోనీలెండి, చెప్పేది లెక్కలేగా, ఎక్కడైతేనేం" అంది భార్య జైతున్‌బీ. ఆమె ఏదైనా అట్లాగే తేలిగ్గా తీసుకుంటుంది. ఆయన వల్ల కాదు.

చెంచురామయ్య గారి సంగతి కూడా చెప్పాలి. ఆయనకు మొదట పురుగుమందుల కొట్టు ఉండేది. ఎన్నిసార్లు కొట్టినా పత్తిలో పచ్చపురుగు చావడం మానేసింది. రైతులు కొట్టు గుమ్మం తొక్కడం మానేశారు. ఆయన పాత బోర్డు దించేసి, హైవే పక్కన ఖాళీగా ఉన్న పొగాకు గోడౌను అద్దెకు తీసుకుని బడి పెట్టారు. పైన రేకులు, కింద బండలు, మధ్యలో తడికెలు అడ్డం పెట్టి తరగతులు. వెనకగోడకు ఆనుకునే గ్రానైటు పాలిష్ మిషను. అది మొదలైందంటే వెనక బెంచీల్లో ఉన్న పిల్లలకు మాస్టారి నోరు కదలడం కనపడేదే తప్ప ఒక్క ముక్క వినపడేది కాదు.

రెండు వేల ఒకటిలో చెంచురామయ్య గారు గుంటూరు వెళ్ళి అక్కడి పెద్ద పెద్ద రెసిడెన్షియల్ బడులు చూసి వచ్చారు. అబ్బో, ఆ వచ్చిన సంబడం చూడాలి! సోమవారం ప్రేయరులో నిలబడి, ఇకనుంచి వారం వారం పరీక్ష, వారం వారం ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు అని ప్రకటించారు. మొదటి ర్యాంకు ఫ్యాను కింద, బోర్డుకు ఎదురుగా. ఆఖరి ర్యాంకు వెనకగోడ దగ్గర, మిషను పక్కన.

అంటే ఏమైందీ? వినపడనివాడికి రాదు, రానివాణ్ణి తీసుకెళ్ళి వినపడనిచోట కూర్చోబెట్టారు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా? గౌస్ బాషా పోయి అదే మాట కాస్త మర్యాదగా చెప్పాడు.

"సార్, వెనకబడ్డ పిల్లల్ని ముందు కూర్చోబెడదాం. వాళ్ళకే కదా వినపడాల్సింది."

"ముందు కూర్చోబెడితే భయమెక్కడుంటుంది బాషా గారూ? భయం లేనిదే చదువెక్కడిది? మందు కొట్టకుండా పురుగు చస్తుందా చెప్పండి" అన్నారు చెంచురామయ్య గారు.

కొట్టినా చావకే కదా తమరు బడి పెట్టింది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మింగక ఏం చేస్తాడు?

ఆ యేడే ఎనిమిదో తరగతిలో భవ్య చేరింది. మిరప రైతు యలమందయ్య కూతురు. సన్నగా, జడలు బిగించి, ఏదో వెతుక్కుంటున్నట్టు చూస్తూ ఉండేది. మిగతా సబ్జెక్టుల్లో బండి బాగానే నడిచేది. పిల్లను ముంచేది లెక్కలే. తమాషా ఏమిటంటే, పిల్లకు ప్రాణం కూడా లెక్కలే.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"సార్, మా పొలం నాలుగు వైపులా వంకరేనండీ. తాడుతో కొలిచి ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసి రెండు త్రిభుజాలు చేశాను. మళ్ళీ రెండో మూల నుంచి గీసి ఇంకో రకంగా చేశాను. రెండు రకాలుగా కోసినా ఇంచుమించు ఒకటే వైశాల్యం వచ్చింది. ఎందుకొచ్చింది సార్?"

గౌస్ బాషా చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అన్నాళ్ళ నౌకరీలో "ఇది పరీక్షలో వస్తుందా సార్" అని అడిగినవాళ్ళే గానీ ఎందుకొచ్చింది అని అడిగిన పిల్ల లేదు. "కరెక్టుగా చేశావమ్మా, భేషుగ్గా చేశావు" అని చెయ్యి కడుక్కుని వచ్చి బెల్లు కొట్టేదాకా దానితో కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి జైతున్‌బీకి కూడా ఆ పొలం బొమ్మ గీసి చూపించాడు. ఆమె పప్పులో పోపు మాడిపోతున్నా విన్నది.

కానీ పరీక్షలో పది లెక్కలు ఇస్తే భవ్య నాలుగో ఐదో చేసేది. చేసినవి ముత్యాల్లా ఉండేవి. ఒకటి చేశాక ఇంకో దారిలో చేసి సరిచూసుకుంటే గానీ రెండోదానికి వెళ్ళేది కాదు. ఈలోపు కోటేష్ అనే పిల్లవాడు గైడులో ఉన్నది ఉన్నట్టు పదీ దించేసి ఫ్యాను కింద కూర్చునేవాడు. వాడు చెడ్డవాడేం కాదు, బడి ఏది అడిగితే అది ఇచ్చాడు. సోమవారం సోమవారం భవ్య సంచి తీసుకుని ఒక్కో బెంచీ వెనక్కి జరుగుతూ, దసరా సెలవుల నాటికి గోడ దగ్గరికి చేరింది. అక్కడ ఏమీ వినపడదు. మెల్లగా అడగడమూ తగ్గింది. ఒకసారి ఆయనే పిలిచి, "ఏమ్మా, ఈమధ్య ఏమీ అడగటం లేదు?" అంటే, "నేను లాస్టు బెంచీ కదా సార్" అంది. అదేదో కులంపేరు చెప్పినట్టు చెప్పింది.

ఇంతలో యలమందయ్య బడికి వచ్చాడు. మనిషి మంచివాడే, పనులవేళ విసుగుమీద ఉన్నాడు.

"మాస్టారండీ, ఆఫియర్లీ పరీక్షలు కానిచ్చి చూస్తా. పిల్ల ఇట్లాగే ఎనకుంటే మానిపిస్తా. కోతలకు మనిషన్నా కలిసొస్తది."

"భవ్య తెలివిగల పిల్లయ్యా. నా మాట నమ్ము."

"తెలివుంటే మార్కులేవండీ? తాలుకాయను ఎన్నాళ్ళు ఎండబెడితే ఎర్రకాయ అవుద్ది?"

తాలుకాయంటే తెల్లబారి, రంగు పోయి ఏరి పారేసే మిరపకాయ. కన్నతండ్రి కన్నకూతుర్ని అంత మాట అంటే పక్కనే నిలబడి ఆ పిల్ల కాలి బొటనవేలితో బండ మీద గీతలు గీసింది. ఆ తండ్రికి నచ్చజెప్పడానికి గౌస్ బాషా దగ్గర పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అర్థమయ్యే మాట ఒకటే ఉంది, అది ఆయనకు ఒళ్ళు మండే మాట.

ఆఫియర్లీ అయింది. భవ్య పేపరు ముందేసుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఐదు లెక్కలు పూర్తి, ఆరోది సగం, ఏడు నుంచి పదిదాకా తెల్లకాగితం. ఉన్న మార్కులు వేస్తే పిల్ల మిరపచేలోకి పోతుంది. కళ్ళు మూసుకుని ఎర్రకలంతో కలిపేశాడు. ఆరోదానికి నిండా వేశాడు, రాయని వాటికీ వేశాడు. ఎవరికీ పేపర్లు పంచలేదు, మార్కులు చదివి ఊరుకున్నాడు. ఒక పిల్ల చదువు నిలబెట్టడానికి చేసిన పని కదా, తప్పేముంది అని తనకు తానే చెప్పుకున్నాడు. అల్లాకు మాత్రం చెప్పుకోలేకపోయాడు.

భవ్యకు మూడో ర్యాంకు వచ్చింది. ప్రేయరులో చప్పట్లు కొట్టించారు. పిల్ల సంచి తీసుకుని వెనకగోడ నుంచి ఫ్యాను కిందకు వచ్చి కూర్చుంది. యలమందయ్య బుట్టెడు వంకాయలు తెచ్చి స్టాఫ్‌రూములో పెట్టి, "నా కళ్ళు తెరిపించారండీ" అని దణ్ణం పెట్టాడు. చెంచురామయ్య గారైతే "చూశారా బాషా గారూ, భయం ఎంత పని చేసిందో!" అని మీసం దువ్వుకున్నారు. ఏం చెప్పమంటారు ఆ మనిషికి?

రెండో రోజు భవ్య మళ్ళీ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. ఎన్ని నెలలకో వచ్చింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"సార్, నా మార్కులు తప్పు పడ్డాయండీ."

"ఏం, తగ్గాయా?"

"ఎక్కువ పడ్డాయి. ఏడో లెక్క నేను చేయలేదు సార్. బెల్లు కొట్టేటప్పటికి ఆరోది సగంలో ఉన్నాను."

గదిలో మిగతా మాస్టార్లు ఉన్నారు. కుర్చీలో చెంచురామయ్య గారు టీ తాగుతున్నారు. గౌస్ బాషా ఆయన వైపు ఓసారి చూశాడు.

"చేశావమ్మా. నేను దిద్దాను కదా."

"లేదు సార్, నాకు బాగా గుర్తు. ఎనిమిదోది కూడా…"

"పరీక్ష కంగారులో గుర్తుండదులే. చేశావు. ఇక పోయి చదువుకో పో."

పిల్ల కాసేపు ఆయన మొహంలోకి చూసింది. బడి మొత్తానికి, తనకేం వచ్చో ఏం రాదో కచ్చితంగా తెలిసిన పిల్ల అది ఒక్కతే. దానితో, నీకు తెలిసింది తప్పు అని, ఆ మాస్టారే చెప్పాడు. "సరే సార్" అని వెళ్ళిపోయింది. పిల్లకు అన్యాయం జరిగింది ఎర్రకలం పట్టుకున్నప్పుడు కాదండీ, ఇదిగో ఇక్కడ.

ఆ తర్వాత భవ్య బుద్ధిగా మారింది. నాన్నను అడిగి గైడు కొనిపించుకుంది. కోటేష్ ఎట్లా చదువుతాడో అట్లాగే చదివింది. పదికి పది లెక్కలూ గబగబా దించడం నేర్చుకుని, వచ్చిన సీటు నిలబెట్టుకుంది. అందరికీ సంతోషం. ఒక్క గౌస్ బాషాకే ముద్ద దిగడం లేదు. దిద్దిన పేపరు చేతికిస్తే భవ్య మడిచి సంచిలో పెట్టుకునేది, విప్పి చూసేది కాదు.

"ఎన్ని వచ్చాయో చూసుకోవా అమ్మా?"

"మీరెన్ని వేస్తే అన్ని సార్."

ఇక తట్టుకోలేక, జైతున్‌బీ కూడా "దాచి ఏం బాగుపడ్డారు, చెప్పేయండి" అంటే, ఒకరోజు వరండాలో పిల్లను ఆపి ఉన్నమాట చెప్పేశాడు. మీ నాన్న మానిపిస్తాడని భయపడి నేనే కలిపానమ్మా, నీ గుర్తే కరెక్టు, నేనే అబద్ధం చెప్పాను అన్నాడు. పెద్దవాడు, గడ్డం నెరుస్తున్నవాడు, పదమూడేళ్ళ పిల్ల ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

"తెలుసు సార్" అంది భవ్య. "అప్పుడు మా పొలం లెక్క కూడా కరెక్టన్నారు కదా. అది కూడా అందుకేనా?" అంది.

"అయ్యో, కాదమ్మా! అది నిజంగా కరెక్టు. ఒట్టు."

"సరే సార్" అంది మళ్ళీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు. ఒట్టు పెట్టినకొద్దీ ఆయన మాట చులకనైపోతోంది. ఏం చేస్తే ఆ పిల్లకు మళ్ళీ తన మీద గురి కుదురుతుందో, తన మీద కాకపోతే పీడాపోయె, కనీసం దాని మీద దానికి గురి కుదురుతుందో ఆయనకు దిక్కుతోచలేదు.

ఫిబ్రవరిలో మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఒకరోజు ఆయన గైడులో లేని లెక్క ఒకటి బోర్డు మీద రాశాడు. బస్తాలేసుకుని ట్రాక్టరు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో యార్డుకు వెళ్ళింది, ఖాళీగా ముప్పై చొప్పున అదే దారిన తిరిగి వచ్చింది, సగటు వేగమెంత? ముందు బెంచీలన్నీ ఒక్కసారిగా "ఇరవై ఐదు సార్!" అని అరిచాయి. కోటేష్ గొంతు అందరికన్నా ముందు.

"కాదు. భవ్యా, నువ్వు రా అమ్మా."

ఇష్టం లేకుండానే లేచి వచ్చి సుద్దముక్క తీసుకుంది. తర్వాత దూరం అరవై కిలోమీటర్లనుకుందాం అని రాసింది. పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు. మొత్తం నూట ఇరవై కిలోమీటర్లు, ఐదు గంటలు. సగటు ఇరవై నాలుగు. అంతటితో ఆగలేదు. దూరం నూట ఇరవై అనుకుని పక్కన ఇంకోసారి చేసింది. మళ్ళీ ఇరవై నాలుగే. పిల్ల మొహంలోకి ఆ వెతుక్కునే చూపు వచ్చేసింది. గౌస్ బాషాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కరెక్టు! కరెక్టమ్మా భవ్యా! క్లాసు మొత్తంలో నువ్వొక్కదానివే చేశావు!"

ఆయన గొంతు వినగానే పిల్ల ఉలిక్కిపడ్డట్టయింది. ఆయన వైపు చూసి, చూపు తిప్పేసుకుని, ఫ్యాను కిందకు చూసింది.

"కోటేష్, ఇది కరెక్టేనా?"

వాడు బోర్డును ఎగాదిగా చూశాడు. "దూరం ఇవ్వలేదుగా. నీ ఇష్టమొచ్చినట్టు అరవై ఎట్లా వేసుకుంటావు? రెండు వేగాలూ కూడి సగం చేయాలి, గైడులో సగటు సూత్రం అదే" అన్నాడు.

"వాడి మాట వినకు! సూత్రం ఇక్కడ పనికిరాదు, నువ్వు చేసిందే కరెక్టు. భవ్యా, చెరపకమ్మా!"

భవ్య అప్పటికే అరచేత్తో బోర్డు తుడిచేసింది. ఇరవై ఐదు అని రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పోయి కూర్చుంది.