సింహాసనం వెనక ఎర్ర చుక్క

మా వదిన రేడియోలు బాగుచేస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళలో గోడగడియారాల్లోంచి తీసేసిన పాత సెల్లులన్నీ చివరికి ఆమె బల్లసొరుగులోకే చేరతాయి. అవి చచ్చిపోయాయని ఎవరన్నా అంటే ఒప్పుకోదు. మీటరు ఆనించి చూసి, "అలిసిపోయిందంతే. ఇంకా ఉంది ఇందులో" అంటుంది. నిన్నటి కూర గురించి కూడా అదే మాట.

అన్నయ్య పగలు గుమాస్తా, సాయంత్రాలు నాటకాల్లో మహారాజు. గొంతు కంచు. చూపే మందగించింది. కళ్ళజోడు ఉంది గానీ, కళ్ళజోడు పెట్టుకున్న మహారాజును ఏ ప్రజలు నమ్ముతారు?

కొత్త నాటకంలో దీపాలన్నీ ఆర్పేశాక రాజు చీకట్లో నడిచొచ్చి సింహాసనం ఎక్కాలి. వెలుగొచ్చేసరికి కొలువుదీరి కనిపించాలి. మొదటి రిహార్సల్లో ఆయన నేలమీద కొలువుదీరాడు. నాటకం వేయించే మేష్టారు మర్యాదగానే అన్నారు: "ఇంకోసారి ఇలా అయితే మీకు మంత్రి వేషం ఇస్తానండీ. మంత్రి ఎటూ నిలబడే ఉంటాడు."

ఆ పూట అన్నయ్య పద్యం ఎత్తకుండానే కంచం ఖాళీ చేశాడు. ఎప్పుడూ పద్యం లేకుండా ముద్ద దిగని మనిషి. వదిన ఆయన్ని ఓసారి చూసి, బల్లసొరుగు లాగింది.

"ఎర్ర ఎల్ఈడీ వెలగాలంటే ఈ ముసలి సెల్లు ఎత్తు, అదే వోల్టేజీ, చాలదు మరిదీ," అంది నాతో. "అందుకని పక్కన కెపాసిటర్ పెట్టా, కరెంటు పట్టే బిందెలాంటిది. సెల్లు దాన్ని మెల్లిగా నింపుతుంది. నిండగానే అది సెల్లు భుజాలెక్కుతుంది. ఇద్దరి ఎత్తూ కలిస్తే అటక అందుతుంది, దీపం చటుక్కున మెరుస్తుంది. మళ్ళీ దిగడం, మళ్ళీ నింపుకోవడం."

"ఎప్పుడూ వెలిగేలా పెట్టొచ్చుగా వదినా?"

"నీ నోటిలాగా ఆగకుండా పనిచేస్తే సెల్లు తొందరగా చల్లబడుతుంది."

సెల్లు ఇంకా మిగలాలని, మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎడం పెంచుకుంటూ పోయింది. బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర చుక్క కోసం చంటిపిల్ల నవ్వుకోసం చూసినట్టు చూసి మురిసిపోయింది. తర్వాత దాన్ని సింహాసనం వెనక, రాజు వచ్చే వైపుకి తిప్పి అతికించింది.

నాది భటుడి వేషం. సింహాసనం పక్కన ఒక మోకాలు వంచి, ఈటె పట్టుకుని ఉండాలి. మళ్ళీ రిహార్సలు. చీకటి. చుక్క మెరిసింది. అన్నయ్య ధీమాగా బయల్దేరాడు. తర్వాతి మెరుపు ఇంకా దారిలోనే ఉంది. ఆయన ఆగలేదు.

వెలుగొచ్చేసరికి మహారాజు నా మోకాలి మీద కొలువుదీరి ఉన్నాడు. సాయం చేద్దామని లేవబోతే, నా ఈటెకి తగులుకుని కిరీటం ఊడొచ్చింది. మంత్రి వేషధారి ముందు నవ్వాడు. మేష్టారు నవ్వలేదు.

"ప్రదర్శనకి ముందు ఇంకొక్కసారి చూస్తాను. అంతే," అన్నారు.

వదిన కూడా మొదట పకపకా నవ్వింది. అన్నయ్య మొహం చూశాక ఆపేసింది.

"తప్పు మీది కాదండీ, నాది. నేను కూర్చుని చూశా. మీరు నడుస్తారుగా!"

రంగులు పూసుకునే గదిలోనే, అద్దం ముందు పౌడరు డబ్బాలు పక్కకి నెట్టి, టంకం వేడిచేసింది. కెపాసిటర్ మార్చింది. "బిందె తీసేసి చెంబు పెట్టా. చిన్నది, త్వరగా నిండుతుంది. ఒక్కో మెరుపుకి అయ్యేదీ తక్కువే, కాబట్టి సెల్లు మీద బరువు పెరగదు."

"మసకైపోదూ?"

"చిమ్మచీకట్లో చుక్క చాలు. సూర్యుడెందుకు?"

ఈసారి చుక్క అడుగడుక్కీ పలకరించింది. ఆయన తిన్నగా వెళ్ళి కూర్చున్నాడు. మేష్టారు తల ఊపి, కిరీటం తనే సర్ది పెట్టారు.

ప్రదర్శనలోనూ చీకట్లో అడుగులు దగ్గరయ్యాయి. నేను మోకాలు కాస్త వెనక్కి లాక్కున్నాను. సింహాసనం కిర్రుమంది. ఆ చప్పుడుకి నాకెంత సంతోషమైందంటే, వెలుగు రాగానే, ఆయన "ఎవరక్కడ?" అనకముందే "చిత్తం ప్రభూ!" అని అరిచేశాను. హాలంతా గొల్లుమంది. ఆ నాటకంలో నాకున్నది ఆ ఒక్క మాటే.

తెర పడ్డాక వదిన సెల్లుకి మీటరు ఆనించింది. "ఇంకా ఉంది ఇందులో."

అన్నయ్య మీసం ఊడదీస్తూ, పక్కనున్న మనిషి వైపు తిరిగి, "సెల్లులోనా, నాలోనా?" అన్నాడు.

"ముందు కళ్ళజోడు పెట్టుకోండి," అంది వదిన. "మీరు అడుగుతున్నది మేష్టారిని."