బావ ఊడదీసిన డిస్కు

మా బావ గిరిబాబుకి చీపురుపల్లిలో ఫొటో స్టూడియో ఉంది. అందులోనే ఓ మూల మా అక్క యమున బట్టలు కుడుతుంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే బావ ఊరుకోడు. కంప్యూటర్లో పాత హార్డ్‌డిస్కు గరగరమంటోందని నిన్న రాత్రి ఊడదీశాడు. ఫొటోలూ విండోసూ కొత్త డిస్కులోనే ఉన్నాయి కదా అనుకున్నాడు.

ఇవాళ కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెరమీద బూట్ డివైస్ లేదని ఒకటే మాట. సాయంత్రానికి పెళ్లి ఆల్బం పంపాలి. పెళ్లివారి ఫోన్ మోగుతూనే ఉంది, బావ ఎత్తడం లేదు.

"ఏటి బావా, ఎవుల్నైనా అడిగి తియ్యొచ్చు కదా!" అని కసిరాను. విండోస్ కొత్తదాన్లో ఉన్నా, దాన్ని లేపే ఫైళ్లు పాతదాన్లోనే ఉండిపోయాయి. "ఆ డిస్కు ఇలా తే. మళ్లీ తగిలిస్తే లేస్తాది."

బావ కుట్టుమిషను వైపు చూశాడు.

అక్క నేలమీద ఓ మెరిసే ముక్క ఆడిస్తోంది. కిందపడ్డ సూదులన్నీ ఎగిరి దానికి అతుక్కుంటున్నాయి.

"మీ బావ ఆ డిస్కు పగలగొట్టి అందులోంచి ఇది తీసిచ్చినాడ్రా. ఎంత మంచి అయస్కాంతమో! ఇంకోటుంటే సూడరా తమ్ముడూ, పక్కింటి అనిత కూడా అడుగుతన్నాది."