నర్సమ్మగారి ఫ్రిజ్

మా పక్కింటి నర్సమ్మగారు పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయారు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేయించుకోవడానికి వెళ్లిన ఎదురింటి తాతగారు ఎంత పిలిచినా తలుపు తెరుచుకోలేదు. ఆయనే వచ్చి నన్ను లేపారు.

మలికిపురం దగ్గర మా వీధిలో ఫ్రిజ్ లేనివాళ్ల ఇన్సులిన్ అంతా ఆవిడ ఫ్రిజ్‌లోనే ఉండేది. ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని అది. చదువు రానివాళ్లు కూడా ఎవరిది వాళ్లు పోల్చుకోవాలని సీసాకో రంగు దారం కట్టేవారు.

ఒక వేసవిలో ఆ పాత ఫ్రిజ్ ఆగడం మానేసింది. మందులన్నీ గడ్డకట్టాయి. అప్పటికి నాకు కొబ్బరితోటల్లో నీళ్ల మోటార్లు బాగుచేయడం తప్ప ఇంకోటి తెలియదు. అదీ ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. ఆ మాటే చెప్పాను.

"ఇదీ మోటారే కదండీ తమ్ముడుగారూ. విప్పి చూడండి. తెలియకపోతే తెలియలేదని చెబుదురు గాని," అన్నారు.

చల్లదనం చాలగానే మోటారును ఆపేది థర్మోస్టాట్. దాన్ని సున్నాకి తిప్పినా మోటారు ఆగలేదు. దాని తీగ ఒకటి ఊడదీస్తే ఆగింది. అంటే దాని లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్లు అతుక్కుపోయాయి. అమలాపురం వెళ్లి కొత్తది తెచ్చి బిగిస్తుంటే తాతగారు కుర్చీ వేసుకు కూర్చున్నారు.

"నీ ఫ్రిజ్ కన్నా మా మంచినీళ్ల కుండే నయం అమ్మాయ్. గడ్డ కరిగిపోయింది కదా, ఆ మందు పారెయ్యడం దేనికి?"

"పాడైన మందు పైకి బాగానే కనపడుతుంది బాబాయ్‌గారూ. దాంతోనే ప్రమాదం."

"ఆయ్. మా అల్లుడి లాంటిదన్నమాట."

మోటారు ఆగి మళ్లీ అందుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు వేసి లోపల పెట్టారు. "ముందు నీళ్లకి, తర్వాతే మనుషులకండీ," అన్నారు. రెండు రోజులు చూశాకే మందులు లోపలికి వెళ్లాయి. అందాకా కొత్త సీసాలు తాతగారి కుండ పక్కనే, తడిగుడ్డలో ఉన్నాయి. ముందు గ్లాసు నీళ్లలో చూడాలన్న ఆవిడ పద్ధతిని, ఎవరి ఫ్రిజ్ బాగుచేసినా, నేనింకా వదల్లేదు.

పోయిన వారం, ఆవిడ పోయిన రోజు, బంధువులు వచ్చేదాకా ఉంచాలని ఆవిడకి ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. ఆ ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒక్కటే. పెట్టె తెచ్చిన మనిషి ఫ్రిజ్ తీగ పీకి పెట్టెది పెట్టేశాడు. బయట ఎండ మండిపోతోంది. పీకేసిన ఫ్రిజ్ తీగ చేతిలోకి తీసుకున్నాను. తాతగారు గమనించారు.

"ఉండనీవయ్యా. ఇవాళ్టికి ఆవిడదే. మా మందులు పోతే పోయేయి."

"ఆవిడైతే ఊరుకోరండీ," అన్నాను.

మా ఇంట్లోంచి లావుపాటి వైరు లాక్కొచ్చి పెట్టెకి ఇచ్చాను. ఫ్రిజ్ తీగ మళ్లీ దాని చోట పెట్టాను.

సాయంత్రం దాకా జనం వస్తూనే ఉన్నారు. వైరు గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. ఎవరూ చెప్పకుండానే, ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ముసలివాళ్లు గోడ పట్టుకుని, ఒక్కొక్కరే దాన్ని తొక్కకుండా దాటి ఆవిడ దగ్గరికి వెళ్లారు.