కుడికాలి అలవాటు

చివరి పిల్ల దిగి ఇంటి గడప దాటేదాకా బస్సు కదపని మనిషి ఆర్డెన్. అమెరికాలోని యూటా కొండదారిలో బతుకంతా బడి బస్సు నడిపి, రిటైరయ్యాక ఏటా అదే దారిలో మారథాన్ పరుగెడుతున్నాడు. పల్లంలోకి పరుగెడితే బూటుకు గుద్దుకుని ఊడిపోతాయని ముందురోజు కాలిగోళ్లు రెండుసార్లు కత్తిరిస్తాడు. తెల్లారకముందే కొండమీద, పల్చటి గాలిలో, దారిలో విప్పి పారేయడానికి తెచ్చుకున్న పాత స్వెట్టర్లో వణుకుతూ నిలబడతాడు. పరుగు మొదలవగానే జనమంతా ఒళ్లు వదిలేసి దిగిపోతారు. పసుపెక్కిన ఆస్పెన్ చెట్లు, కింద లోయ అతని కంటికి ఆనవు. మలుపు వస్తే చాలు, కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను తొక్కుతుంది, మెడ వెనక్కి తిరుగుతుంది. అలా ఆపుకుని ఆపుకుని తొడలు రాళ్లయిపోతాయి.

"బ్రేకు వదులు బాబాయ్! ఇప్పుడు వెనక పిల్లలెవరూ లేరు!" అంటూ, ఒకప్పుడు అతని బస్సెక్కిన గ్లెన్నా ఈసారీ నవ్వుతూ దాటిపోయింది.

"మెల్లగా తల్లీ, ముందున్న మలుపు మంచిది కాదు!" అని అరిచాడు ఆర్డెన్.

అతను ముగింపు గీత దాటేసరికి ఆమె పతకం మెళ్లో వేసుకుని, సూప్ తాగుదువు రమ్మంది. ఆర్డెన్ కదల్లేదు. కంచె పట్టుకుని, కొండకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరి కోసం బాబాయ్?"

"ఎవరో, నాకేం తెలుసు? ఇంకా పైన ఉన్నారుగా. అందరూ దిగనీ."